చెన్నై తెలుగు పేర్లలోకి ‘హెచ్’ ఎలా వచ్చింది

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల పేర్లు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువులకు ఇంగ్లిషు రాతలో కాస్త వింతగా కనిపిస్తాయి. నందిని, ఇందు, దివ్య వంటి సులువైన పేర్లలో సైతం ‘డి’ పక్కన ఒక ‘హెచ్’ వచ్చి కూర్చుంటుంది. పెళ్లిళ్లలో ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా తల్లిదండ్రుల సరదా అనో, న్యూమరాలజీ పిచ్చి అనో తేల్చేయడం పరిపాటి. న్యూమరాలజీకి ఇందులో వాటా ఉన్న మాట నిజమే కాని, అది చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. అంతకు ముందే తెలుగు పలుకు, తమిళ లిపి, ఇంగ్లిషు స్పెల్లింగు అనే మూడింటి మధ్య ఈ నగరంలో రెండు శతాబ్దాలుగా సాగుతున్న సర్దుబాటు ఒకటి ఉంది.

కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) రోజుల్లో దేశీయుల పేర్లను రోమన్ లిపిలోకి ఎక్కించేవారికి అందరూ పాటించే నియమమంటూ ఏదీ ఉండేది కాదు. ఇంగ్లిషు మాటల ఒరవడిలో చెవికి తోచినట్టు రాసుకుపోయేవారు. సెయింట్ జార్జి కోట కాలేజీ 1816లో అచ్చువేసిన ఏ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణంలో మన భాష పేరే రెండు చోట్ల జంట ‘ఓ’లతో ‘టెలూగూ’ అన్నట్టుగా ఉంటుంది. కుంపిణీ కాలపు పై న్యాయస్థానమైన సదర్ కోర్టులో అనువాదకుడిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు ఆత్మకథ 1873లో మద్రాసులో వెలువడినప్పుడు, ఆయన పేరు తెలియనివాళ్లు ‘సూబ్రో’ అని చదువుకునే విధంగా అచ్చయింది.

టి.నగర్ వీధుల్లో తిరిగేవారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు. 1852లో పుట్టి, 1916లో జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరై, 1925లో కన్నుమూసిన ఆయన పేరు ఇంగ్లిషులో టి-హెచ్-ఇ-ఏ అని మొదలవుతుంది. తెలుగులో ‘త్యా’ ఒకే అక్షరం. తమిళంలో దాన్ని విడదీసి ‘తియా’ అని రాస్తారు, అలాగే పలుకుతారు. ఆ ‘తియా’ను ఇంగ్లిషు చెవితో పట్టుకుని రాస్తే ఈ రూపమే వస్తుంది. అంటే తెలుగువాడి పేరు తమిళ నోటి మీదుగా ఇంగ్లిషులోకి దిగిందన్నమాట. అక్కడే ఉన్న పనగల్ పార్కు ఏ రాజావారి జ్ఞాపకార్థమో ఆయన పేరుది ఇంకో తీరు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ మంత్రివర్గానికి నాయకత్వం వహించిన పానగంటి రామరాయనింగారి పేరులో మనం గౌరవానికి తగిలించే ‘గారు’ అసలు పేరుకే అతుక్కుపోయి, చరిత్ర పుస్తకాల్లో ఆయన శాశ్వతంగా ‘రామరాయనింగార్’ అయ్యారు.

1870ల్లో ప్రభుత్వం భారతీయ పేర్లను రోమన్ లిపిలో రాయడానికి హంటర్ పద్ధతిని ఆమోదించాక జంట ‘ఓ’ల వంటి రాతలు క్రమంగా తగ్గాయి కాని, ఆ పద్ధతి దక్షిణాది భాషలకు పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. అందులో ‘ట’కూ ‘త’కూ ఒకే ‘టి’, ‘డ’కూ ‘ద’కూ ఒకే ‘డి’. ఉత్తరాదిలో కవిత పేరును ఒట్టి ‘టి’తో రాసి ఊరుకున్నా, ఇక్కడివాళ్లకు అది ‘కవిట’గానే వినిపించింది. అందుకే నాలుక పళ్లకు తగిలి పలికే త, ద వంటి దంత్యాక్షరాలకు గుర్తుగా ‘హెచ్’ను వాడుకోవడం దక్షిణాది అంతటా అలవాటైంది. తెలుగునాట కూడా ‘త’ను ‘టి-హెచ్’తో రాయడం మామూలే. అయితే ‘ద’కు సైతం అదే సూత్రాన్ని పట్టించడం మాత్రం తమిళనాటి పద్ధతి. వర్గాక్షరాల్లో ఒత్తులు లేని తమిళంలో ‘హెచ్’కు అక్కడ వేరే పని లేదు కాబట్టి వారికి ఇబ్బంది లేదు. మనకు ద, ధ రెండూ ఉన్నాయి. చెన్నైలో స్థిరపడిన కుటుంబం అమ్మాయి పేరును స్థానిక పద్ధతిలో ‘డి-హెచ్’తో రాసుకుంటే, ఆ ఇంగ్లిషు రూపాన్ని చూసి తిరిగి తెలుగులోకి మార్చేవాళ్లు దాన్ని ‘నంధిని’ చేస్తారు. శుభలేఖల్లో ‘చి.ల.సౌ. నంధిని’, ‘చి.ల.సౌ. ఇంధు’ కనిపించడానికి కారణం అచ్చుకూర్చినవారికి తెలుగు రాకపోవడమే కానక్కరలేదు. చాలాసార్లు వారి చేతికి అందిన ప్రతే ఇంగ్లిషులో ఉంటుంది.

తమిళ లిపి సంగతి దీనికి ముందుది, మరింత లోతైనది. క, గ, ఖ, ఘ నాలుగింటికీ అందులో ఒకటే అక్షరం, మిగతా వర్గాలకూ దాదాపు అంతే. జ, ష, స, హ ధ్వనులకు సంస్కృత పదాల కోసం వాడే గ్రంథాక్షరాలు తోడున్నా గ, ద, బ లకు ప్రత్యేకమైన గుర్తులు లేవు. గీత, గోపి, భాస్కర్ వంటి పేర్లు తరతరాలుగా వాడుకలో ఉన్నవి కాబట్టి లిపి ఎలా ఉన్నా తమిళులు సరిగ్గానే పలుకుతారు. చిక్కంతా అంతగా పరిచయం లేని పేర్లతోనే. ‘భవ్య’ అనే పాప పేరును హాజరుపట్టీలో తమిళంలో రాస్తే, ఆ పేరు ముందెన్నడూ వినని ఉపాధ్యాయురాలు ‘పవ్యా’ అని పిలవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. ఆమెను తప్పు పట్టడానికీ లేదు, ఆమె కళ్లముందున్న అక్షరం ‘ప’గానూ చెల్లుతుంది. ‘ధీరజ్’ ‘తీరజ్’ కావచ్చు, ‘గగన్’ ‘కగన్’ కావచ్చు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత భాషా అల్పసంఖ్యాకుల పిల్లలు కూడా ఒకటో తరగతి నుంచే తమిళం చదువుతున్నారు కాబట్టి, తమ పేరును తమిళంలో ఎలా రాయాలన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి తెలుగింటికీ పసితనంలోనే ఎదురవుతుంది.

అచ్చుల దగ్గర తేడా మరో రకం. లలిత, గీత, సీత అని మనం హ్రస్వంతో ముగించే పేర్లను తమిళులు లలితా, గీతా, సీతా అని సాగదీస్తారు, రాతలోనూ దీర్ఘమే. రోమన్ ‘ఏ’ రెండింటినీ మోస్తుంది కనుక కాగితం మీద తగువు రాదు గాని, ఇంట్లో ‘లలిత’ బయట ‘లలితా’ అవుతుంది. ‘జ్ఞ’కు వచ్చేసరికి ఏకాభిప్రాయం అన్నదే లేదు. మనం ‘గ్న’కు దగ్గరగా పలుకుతాం, తమిళులు ‘ఞ’ అంటారు, హిందీవారు ‘గ్య’ అంటారు. జ్ఞానేశ్వరి అనే ఒకే పేరు ఇంగ్లిషులో ‘జి-ఎన్’తోనో, ‘జె-ఎన్’తోనో, ‘జి-వై’తోనో మొదలవుతుంది.

తమిళనాట 20వ శతాబ్దంలో పేర్ల రాజకీయం కూడా నడిచింది. 1916లో తమిళం నుంచి సంస్కృత పదాలను తీసేయాలంటూ శుద్ధ తమిళోద్యమం మొదలుపెట్టిన వేదాచలం తన పేరును మరైమలై అడిగళ్‌గా మార్చుకున్నారు. ద్రావిడ ఉద్యమంలో నారాయణస్వామి నెడుంజెళియన్ అయ్యారు. ఈ గాలి తగిలిన తెలుగు కుటుంబాల్లోకీ ఎళిల్, యాళిని వంటి తమిళ పేర్లు వచ్చాయి. వాటిలోని ప్రత్యేక ధ్వనిని ఇంగ్లిషులో ‘జెడ్-హెచ్’తో రాస్తారు కాబట్టి, ఆంధ్ర నుంచి వచ్చిన మేనత్త ‘యాజిని’ అని పిలవడం పరిపాటి. నిజానికి ఆ ధ్వనికి ప్రాచీన తెలుగు శాసనాల్లో ‘ఴ’ అనే అక్షరం ఉండేది. మన నోటి నుంచి ఎప్పుడో జారిపోయిన ఆ అక్షరానికి 2014లో యూనికోడ్ చోటిచ్చింది, కాకపోతే శాసన పరిశోధకులకు తప్ప దాని అవసరం ఎవరికీ పడటం లేదు.

న్యూమరాలజీ వచ్చేనాటికి రంగం ఇలా సిద్ధమై ఉంది. ‘హెచ్’ ఉన్నా లేకున్నా, ‘ఏ’ ఒకటైనా రెండైనా పేరు అదేనన్న భావన అప్పటికే జనంలో కుదురుకుంది కాబట్టి, అక్షరాలను లెక్క కోసం అటూఇటూ జరపడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. మనవాళ్లలో ఎక్కువగా చెల్లే, కీరో అనే పాశ్చాత్య జ్యోతిష్కుడి లెక్కలో ‘ఏ’కు 1, ‘హెచ్’కు 5. జయలలిత 2001లో తన ఇంగ్లిషు పేరు చివర మరో ‘ఏ’ చేర్చుకున్నారు. ముందున్న ఇనీషియల్ వదిలి పేరులోని అక్షరాల అంకెలు మాత్రమే కూడితే అంతకు ముందు వచ్చేది 22, ఆ తర్వాత 23. కీరో 22ను ఇతరుల తెలివితక్కువతనానికి బలయ్యే మంచివాడి సంఖ్య అన్నాడు, 23ను రాజసింహ నక్షత్రం అన్నాడు. తెలుగు పత్రికలు మాత్రం చివరిదాకా ‘జయలలిత’ అనే రాశాయి, మరోలా రాయడానికి వీలూ లేదు. ధ్వనిని కాపాడటానికి వచ్చిన ‘హెచ్’కూ, ధ్వనితో నిమిత్తం లేని ఈ ‘ఏ’కూ తేడా అదే. మొదటిదానికి ఒక న్యాయం ఉంది, రెండోదానికి నమ్మకం తప్ప ఆధారం లేదని నా అభిప్రాయం.

రికార్డులు కంప్యూటర్లకెక్కాక ఈ తేడాలు బిగుసుకుపోయాయి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం కింద పేరు లేకుండా నమోదైన బిడ్డకు 15 ఏళ్ల లోపు పేరు చేర్చుకోవచ్చు గాని, ఒకసారి చేరిన స్పెల్లింగును మార్చడం వేరే వ్యవహారం. ఆధార్‌లో పేరు దిద్దుబాటుకు జీవితంలో రెండే అవకాశాలు. తమిళనాడులో ఆధార్ కార్డుపై ఇంగ్లిషు పక్కన ఉండేది తమిళమే. అది చాలావరకు ఇంగ్లిషు రూపం నుంచి సాఫ్ట్‌వేర్ తీసుకున్నదే కనుక, నమోదు కేంద్రంలో తెర మీద సరిచూసుకోకపోతే ఏది వస్తే అదే. పేరును పూర్తిగా మార్చుకోదలచినవారు స్టేషనరీ, ప్రింటింగ్ శాఖ ద్వారా తమిళనాడు గెజిట్‌లో ప్రకటన వేయించి, ఆ ప్రతితో పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతాల చుట్టూ తిరగాలి. ఒక్క ‘హెచ్’ కోసం అంత దూరం వెళ్లేవారు తక్కువ. ప్రభుత్వానికే ఇది సులువు కాలేదు. 2020లో 1,018 ఊళ్ల ఇంగ్లిషు స్పెల్లింగులను తమిళ ఉచ్చారణకు దగ్గరగా మారుస్తూ ఉత్తర్వు వెలువడితే, వెల్లూరు, కోయంబత్తూరు కొత్త రూపాలు చూసి జనం విస్తుపోయారు. అదే ఏడాది జూన్‌లో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు.

ఇక కొత్తగా పేరు పెట్టేవారి విషయానికొస్తే, ణ, న, మ వంటి అనునాసికాలు తప్ప మిగతా వర్గాక్షరాలు లేని పేర్లకు ఈ బాధ చాలా తక్కువ. రవి, వేణు, మాలిని, యామిని మూడు లిపుల్లోనూ దాదాపు ఒకేలా పలుకుతాయి. వాటిలో ‘హెచ్’ దూర్చడానికి సందు ఉండదు, తమిళ పంతులమ్మ తడుముకోవలసిన పనీ ఉండదు. న్యూమరాలజిస్టు చేయి పడితే మాత్రం వాటికీ పూచీ లేదు.