పార్టు మార్చే ముందు వోల్టు కొలవండి

పాత పెట్రోల్ కారు కొన్నవాళ్ల కష్టాలు దాదాపు ఒకేలా ఉంటాయి. పొద్దున సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, కడప ఏడురోడ్ల కూడలిలో ఏసీ వేసుకుని కాసేపు నిలబడితే ఇంజన్ వణికి ఆగిపోతుంది, రాత్రిపూట స్లోలో హెడ్‌లైట్లు మసకబారి రేజ్ చేస్తే మళ్లీ వెలుగుతాయి, క్లచ్ బిగుసుకుపోతుంది, గేరు ఒక పట్టాన పడదు. దేనికదే వేరే కంప్లైంట్‌లా కనిపిస్తుంది కాబట్టి బ్యాటరీ ఒకసారి, సెల్ఫ్ మోటారు ఒకసారి, క్లచ్ కేబుల్ ఇంకోసారి మారుస్తూ పోతారు, డబ్బులు పోతాయి, సమస్య అలాగే ఉంటుంది. ఏ పార్టూ కొనకముందు కొన్ని వందల రూపాయలు పెట్టి వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొనుక్కోండి. వీటిలో చాలావాటికి మూలం ఒకే చోట ఉండొచ్చు, అది కొలిస్తేనే దొరుకుతుంది.

ముందు బ్యాటరీ. లోపల ఆరు సెల్లులు ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. అంటే నిండా ఛార్జ్ అయి రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ పొద్దున 12.6 చూపించాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు మిగిలినట్టు, 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజన్ ఆన్ చేశాక అక్కడే 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా లాభం లేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోనో దాని బెల్టునో చూడాలి. 15 దాటుతుంటే ఆ ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీలో నీళ్లన్నీ గ్యాస్ అయి పోతాయి. మన ఎండలు దీనికి తోడు. మే నెలలో కడపలో 42, 43 డిగ్రీలు మామూలే, నిలిపిన కారు బానెట్ కింద ఇంకా ఎక్కువ. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. బ్యాటరీ లోపల ప్లేట్లు తుప్పు పట్టే పనికీ అదే వర్తిస్తుంది. మూతలు తీసే రకమైతే ఎండాకాలంలో తరచూ చూసి డిస్టిల్డ్ వాటర్ పోయండి.

బ్యాటరీ బాగానే ఉంది, అయినా సెల్ఫ్ లాగట్లేదు అంటే నేను మొదట అనుమానించేది ఎర్త్ వైరునే. కారులో కరెంటు వెళ్లడానికి వైర్లు ఉంటాయి కానీ తిరిగి రావడానికి ఎక్కువగా బాడీ రేకునే వాడతారు. ఇంజన్ మాత్రం రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పారదు, కాబట్టి ఇంజన్ నుంచి బాడీకి లేదా బ్యాటరీ నెగటివ్‌కి ఒక మందపాటి వైరో అల్లిన పట్టీయో వేస్తారు. ఏళ్ల తరబడి దుమ్ము, నూనె, తుప్పు ఆ బోల్టు కింద చేరతాయి. అక్కడ 0.01 ఓమ్ నిరోధం పెరిగిందనుకోండి, వినడానికి ఏమీ కాదు, కానీ సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగే క్షణంలో ఓమ్ సూత్రం ప్రకారం ఆ ఒక్క బోల్టు దగ్గరే 1.5 వోల్టులు వృథా అవుతాయి. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఇది తెలియదు, మామూలు మీటర్ అంత చిన్న నిరోధాన్ని సరిగా చూపించలేదు. మీటర్‌ని వోల్టుల్లో పెట్టి లోడు మీద, అంటే సెల్ఫ్ తిరుగుతుండగా కొలవాలి. కారు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటర్ ఒక తీగ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటిందంటే దొంగ దొరికినట్టే. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

ఇందులో నాకు చాలా ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఒకటి ఉంది. ఎర్త్ పాడైతే కరెంటు ఊరుకోదు, బాడీని కలిపే వేరే లోహపు దారి వెతుక్కుంటుంది, కేబుల్ క్లచ్ ఉన్న కార్లలో ఒక్కోసారి ఆ దారి క్లచ్ కేబులో యాక్సిలరేటర్ కేబులో అవుతుంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆ కేబుల్ వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ కరిగి, పెడల్ బిగుసుకుపోతుంది, క్లచ్ సరిగా విడవక గేరూ పడదు. కొత్త కేబుల్ వేసినా కొన్నాళ్లకి మళ్లీ అంతే. గేర్‌బాక్స్ తప్పనుకున్నది ఒక్కోసారి ఒక బోల్టు కింద తుప్పే.

ఐడ్లింగ్‌కీ, అంటే కారు నిలబడి ఉండగా ఇంజన్ స్లోలో తిరగడానికీ, దీనికీ కొంత సంబంధం ఉంది. సెన్సర్లు చాలావరకు 5 వోల్టుల లోపల మాట్లాడతాయి, ఎర్త్ అటూ ఇటూ ఊగితే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి తప్పు లెక్క వెళ్తుంది. కానీ ప్రతిదాన్నీ ఎర్త్ మీదకి తోసేయకండి, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో కార్బన్ కూడా అంతే మామూలు కారణం. స్లోలో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, సన్నటి సందులోంచీ ఐడిల్ వాల్వులోంచీ వచ్చే గాలితోనే ఇంజన్ నిమిషానికి సుమారు 800 చుట్లు (ఆర్‌పీఎం) తిరగాలి. ఆ సందులో మసి పేరుకుంటే ఏసీ కంప్రెసర్ లోడు పడగానే ఇంజన్‌కి ఊపిరాడదు. ఎండకి గట్టిపడి పగిలిన వాక్యూమ్ గొట్టాలు దీనికి ఉల్టా, లెక్కలో లేని గాలిని లోపలికి లాగి ఆర్‌పీఎంని పైకీ కిందికీ ఊపుతాయి. ఎర్రగుంట్ల వైపు రోజూ తిరిగే కారైతే సిమెంటు దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ కూడా తొందరగా నిండుతుంది. థ్రాటిల్ శుభ్రం చేయించాక ఒకట్రెండు రోజులు ఐడ్లింగ్ కుదురుగా లేకపోతే టెన్షన్ పడొద్దు, కొన్ని కార్లలో కంప్యూటర్ కొత్త గాలి లెక్క నేర్చుకోవాలి, కొన్నిట్లో స్కానర్‌తో నేర్పాలి.

ఇక గేర్‌బాక్స్. న్యూట్రల్‌లో వచ్చే గరగర క్లచ్ నొక్కగానే ఆగిపోతే లోపలి షాఫ్ట్ బేరింగ్‌ని అనుమానించండి, నొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్‌ని. మొదటిది ఖర్చుతో కూడిన పని, రెండోది క్లచ్ విప్పినప్పుడు తేలిగ్గా అయిపోతుంది. 2014లో మారుతి సెలేరియోతో మన దగ్గర మొదలైన, క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ కార్లలో మాత్రం మళ్లీ వోల్టుల దగ్గరికే రావాలి. అక్కడ క్లచ్‌నూ గేరునూ కదిపేది కరెంటుతో నడిచే యంత్రాంగం, బ్యాటరీ బలహీనంగా ఉంటే గేరు పడటానికి మొరాయిస్తుంది. గేర్‌బాక్స్ దించే ముందు మీటర్ పెట్టి చూడమని గట్టిగా అడగండి.

క్లచ్ ప్లేటు జారుతోందో లేదో ఊళ్లో తిప్పితే బయటపడదు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కండి, మూడో గేరులో ఉండగా యాక్సిలరేటర్ నిండా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి, ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి, స్పీడు మాత్రం అక్కడే ఉందంటే ప్లేటు అయిపోయింది. బేరం ఇంకా తెగకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.