చెయ్యే ఆయుధమైతే

రెజ్లర్ సుశీల్ కుమార్‌కు ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ను 2025 ఆగస్టు 13న సుప్రీంకోర్టు రద్దు చేసింది. అంత పేరున్న మనిషి బయట ఉంటే సాక్షులపై ప్రభావం పడదని ఎలా అనుకుంటామన్నది కోర్టు సందేహం. 2021 మే 4 రాత్రి ఛత్రసాల్ స్టేడియంలో జరిగిన దాడి, ఒక యువ రెజ్లర్ మరణం ఈ కేసు. రెండు ఒలింపిక్ పతకాల వీరుడి ఆచూకీ చెబితే లక్ష రూపాయలిస్తామని పోలీసులు ప్రకటించాల్సి వచ్చింది. తీరా అరెస్టయ్యాక, జైలు మార్చే రోజున కాపలా పోలీసులే నవ్వుతూ ఆయనతో ఫొటోలు దిగారు! ఆరోపణలు నిజం కాదని సుశీల్ అంటున్నారు.

పేరు నిందితుడికి అండా, అడ్డంకా అన్న ఈ తగువు పాతదే. మన టీవీల్లో నవ్వులు పూయించిన నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు 34 ఏళ్లు నడిచింది. 1988 డిసెంబరు 27న పటియాలాలో, కారు దారి విషయంలో మాటామాటా పెరిగి ఆయన 65 ఏళ్ల వృద్ధుడిపై చెయ్యి చేసుకున్నారు. ఆ పెద్దాయన చనిపోయాడు. అప్పటికి సిద్ధూకి 25 ఏళ్లు. 1987 ప్రపంచకప్‌లో వరసగా నాలుగు అర్ధ సెంచరీలు బాది ‘సిక్సర్ సిద్ధూ’ అయిపోయారు.

1999లో కింది కోర్టు నిర్దోషి అంది. 2006లో హైకోర్టు మూడేళ్ల జైలు వేసింది. అమృత్‌సర్ ఎంపీ పదవికి ఆయన రాజీనామా చేశారు. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేయగానే 2007 ఉప ఎన్నికలో నిలబడి అదే సీటు మళ్లీ గెలిచారు. ఓటర్లకు కేసు తెలియక కాదు. 2018లో, పంజాబ్ మంత్రిగా ఉండగా, సుప్రీంకోర్టు దాన్ని మామూలు దెబ్బల కేసుగా తేల్చి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది.

మృతుడి కుటుంబం వదల్లేదు, తీర్పును మళ్లీ పరిశీలించమని రివ్యూ పిటిషన్ వేసింది. 2022 మే 19న అదే కోర్టు ఏడాది కఠిన కారాగార శిక్ష విధించింది. బాక్సరో, రెజ్లరో, క్రికెటరో కొడితే ఆ చెయ్యే ఆయుధం కావచ్చు, తన దెబ్బ బలం ఎంతో అతనికి తెలిసుండాలి అన్నారు న్యాయమూర్తులు. ఆటగాడన్న గుర్తింపును న్యాయస్థానం ఆయనకు ఎదురుగా నిలబెట్టిందన్నమాట.

మర్నాడే లొంగిపోయిన సిద్ధూ దాదాపు పది నెలలకు, 2023 ఏప్రిల్ 1న విడుదలయ్యారు. జైలు బయట అభిమానులు ఎదురుచూస్తూ నిలబడ్డారు.