బిందెలో పట్టిన వెలుతురు

చిరంజీవి చిన్నమ్మలుకూ, తక్కిన పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న నా బల్లమీది పుస్తకం తిరగేస్తూ, "తాతయ్యా, సినిమా హాలు ఫోటో తీశారు గానీ ఇందులో సినిమా ఏదీ?" అని చిన్నమ్మలు అడిగింది. కుర్చీల వరసలూ, గోడల మీది నగిషీలూ అన్నీ కనిపిస్తున్నాయి. తెర మీద మాత్రం ఒక్క బొమ్మా లేదు, తెల్లటి వెలుగు తప్ప.

ఆ ఫోటో తీసినది హిరోషి సుగిమోటో. ఆయన 1948లో టోక్యోలో పుట్టి, 1970లో అమెరికా వెళ్లి, లాస్ ఏంజెలస్‌లో ఫోటోగ్రఫీ నేర్చుకుని, 1974లో న్యూయార్క్ చేరారు. సినిమా మొత్తాన్ని ఒకే ఫోటోలో పడితే ఎలా ఉంటుందన్న ఊహ ఆయనకు కలిగింది. పెద్ద కెమెరాను హాల్లో నిలిపి, సినిమా మొదలవగానే దాని కన్ను తెరిచి, అయిపోయాకే మూశారు.

నా చిన్నతనంలో వాన మొదలైతే మా అమ్మ చూరు కింద ఇత్తడి బిందె పెట్టేది. మొదటి చుక్కలు టంగుటంగుమనేవి. అడుగున నీరు చేరాక ఆ చప్పుడు మెత్తబడేది. అరుగు మీద కూర్చుని, ఫలానా చుక్క ఎటు పోయిందో కనిపెట్టాలని నేను ఎంత తంటాలు పడ్డా దొరికేది కాదు, కానీ అది బిందెలోనే ఉండేది. కెమెరాలో వెలుగు పడే ఫిల్మూ అటువంటి బిందే. కథానాయకుడి నల్లజుట్టు కనిపించిన చోటనే మరుక్షణం ఆకాశపు వెలుగు వచ్చి పడుతుంది. అలా సినిమా పొడుగునా ప్రతి బొమ్మ తన వెలుగును పోస్తూ పోతే బిందె అంచుదాకా నిండి తెల్లబడుతుంది. మన అరుగు అంచు తడిసినట్లే, తెర నుంచి చిందిన వెలుతురే ఆ కుర్చీలను చూపిస్తోంది. కనుక చిన్నమ్మలూ, సినిమా ఎక్కడికీ పోలేదు, అంతా అక్కడే ఉంది.

1980 నుంచి ఆయన దేశదేశాల సముద్రాలను ఫోటోలు తీయసాగారు. పైసగం ఆకాశం, కిందిసగం నీరు, రెండూ కలిసేచోట ఒక్క గీత. పడవ లేదు, మనిషి లేడు. ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని మనం ఇవాళ చూడగలమా అన్నది ఆయన ప్రశ్న. దీన్ని నైరూప్య కళ అంటారు గానీ, మీరు ఆ పేరుతో బెదిరిపోవద్దు. తోమి కడిగిన బిందెలా, అక్కరలేనివన్నీ తీసేసిన ఫోటో అది. ఆ ఒక్క గీతనే ఏళ్లతరబడి విసుగు లేకుండా చూసిన ఆయన ఓపిక మీకూ అబ్బాలని నా కోరిక. తరవాత కొంతకాలానికి కెమెరానే పక్కన పెట్టి, చీకటిగదిలో ఫిల్ము మీదికి 4 లక్షల వోల్టుల విద్యుత్తు వదిలి, వేళ్లు తన్నిన చెట్టులాంటి మెరుపులను పట్టారు. ఆ మెరుపులకు పోలిక చెప్పడానికి నా బిందె చాలదు, మీరే చూడాలి.

దసరా సెలవులకు భీమిలి వచ్చినప్పుడు తెల్లవారకముందే మిమ్మల్ని లేపుతాను. రాలేనివారికి ఊరి చెరువు గట్టు చాలు. కొంగ ఎగిరినా దాని వెంట చూపు పోనీయకుండా, నీరు ఆకాశాన్ని ఆనుకునే చోటే చూడండి. మంచు కమ్మిన ఉదయం అక్కడ గీత ఉందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య