పందిలో మనిషి కిడ్నీ: ఆ కణాలు మెదడులోకీ వెళ్తే?

రోగులకు అమర్చే అవయవాలను పందుల నుంచి తెచ్చేందుకు ఇక్కడ చూసేవి రెండు పద్ధతులు. మొదటిది, జన్యువులు మార్చిన పంది అవయవాన్నే వాడటం. 2022 జనవరిలో అమెరికాలో ఒక రోగికి అలా పంది గుండె అమర్చారు. చాలామంది దాన్ని సగం మనిషి గుండె అనుకున్నారు. నిజానికి అది పంది గుండే. పంది జన్యువులు నాలుగింటిని పనిచేయకుండా చేసి, మనిషివి ఆరు చేర్చారు, అంతే. రోగి రెండు నెలలు బతికాడు. ఆ గుండెలో పందులకు సోకే సైటోమెగలోవైరస్ అనే వైరస్ ఆనవాళ్లు బయటపడ్డాయి. రోగి సమ్మతి, జంతువుల వైరస్‌లు మనుషులకు పాకే ముప్పు, జీవితాంతం వదలని పరీక్షలు: ఈ పద్ధతిలో అడగాల్సినవి ఇవి. పంది మనిషైపోతుందన్న భయానికి ఇక్కడ తావు లేదు.

రెండో పద్ధతి దారి వేరు. మనిషి మూలకణాలను, అంటే రకరకాల కణాలుగా మారగల కణాలను, పంది పిండంలోకి ఎక్కించి, మనిషి కణాలతోనే అవయవాన్ని పెంచాలని చూస్తారు. ఇలా రెండు జాతుల కణాలు కలిసి పెరిగే జీవిని కైమీరా అంటారు.

ఇది అంత తేలిగ్గా జరిగే పని కాదు. 2017లో అమెరికాలోని సాల్క్ సంస్థ పరిశోధకులు 2,075 పిండాలను 41 ఆడ పందుల్లో ప్రవేశపెట్టారు. మూడు నాలుగు వారాల తర్వాత 186 పిండాలు దొరికాయి. వాటిలోనూ మనిషి కణాలు దాదాపు లక్షకు ఒకటి. పంది గర్భం 114 రోజులు, మనిషిది తొమ్మిది నెలలు. కణాల ఎదుగుదల వేగం కుదరదు. పైగా పిండంలో కణాల మధ్య పోటీ ఉంటుంది. వెనకబడ్డ మనిషి కణాలు చచ్చిపోతాయి.

చైనాలోని గ్వాంగ్‌జౌ బృందం 2023లో ఈ రెండో ఇబ్బందిని రెండు వైపుల నుంచి పట్టుకుంది. కిడ్నీ తయారీకి కావాల్సిన సిక్స్1, శాల్1 జన్యువులను పంది పిండంలో తీసేసి మనిషి కణాలకు చోటు ఖాళీ చేసింది. ఎక్కించే మనిషి కణాల్లో ఎంవైసీఎన్, బీసీఎల్2 జన్యువుల జోరు పెంచింది. మొదటిది కణం పెరుగుదలను పెంచుతుంది, రెండోది చావును ఆపుతుంది. రెండూ క్యాన్సర్ పరిశోధకులకు బాగా పరిచయమైనవే. 1,820 పిండాలను 13 పందుల్లో పెట్టి, 25, 28 రోజులకు బయటికి తీస్తే, పరీక్షకు పనికొచ్చినవి ఐదు. వాటి కిడ్నీల్లో 50 నుంచి 60 శాతం మనిషి కణాలే. అయితే పత్రికలు 'కిడ్నీ' అని రాసినది, పిండంలో కొన్నాళ్లుండి తర్వాత కరిగిపోయే తాత్కాలిక కిడ్నీ. మనకు జీవితాంతం పనిచేసేది ఆ తర్వాతే ఏర్పడుతుంది.

నైతిక చిక్కు సరిగ్గా ఈ విజయంలోనే ఉంది. చావకుండా బలం పోసిన కణం కిడ్నీలోనే ఉండిపోవాలని రూలేమీ లేదు. ఆ పిండాల మెదడు, వెన్నుపాములోనూ బహు కొద్దిగా మనిషి కణాలు కనిపించాయి. అండాశయాలు, వృషణాలుగా మారే భాగంలో కనబడలేదు. కానీ ఇదంతా 28 రోజుల నాటి మాట. నెలలు నిండేదాకా పెరగనిస్తే ఆ లెక్క ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నాడీకణంగా గానీ బీజకణంగా (అండం, వీర్యకణం) గానీ మారలేని మూలకణాలను ముందే తయారు చేసుకోవడం ఒక దారి. భారత్‌లో 2017 నాటి మూలకణ పరిశోధన మార్గదర్శకాలు, మనిషి మూలకణాలు ఎక్కించిన జంతువులు సంతానం కనకూడదంటాయి. మనిషి బీజకణాల భయానికి అది తగిన కట్టడే. మెదడు సంగతి అలా కాదు. జపాన్‌లో ఎలుకల ప్రయోగాలకు అనుమతి వచ్చినప్పుడు, మెదడులో మనిషి కణాలు 30 శాతం దాటితే ఆపేస్తామన్న మాట వినిపించింది. శాతం లెక్క సులువే, కానీ ఆ కణాలు మెదడులో ఏ భాగానికి చేరాయి, పనిచేసే నాడీ వలయాల్లో కలిశాయా అన్నవి ఆ అంకె చెప్పదు.

ఇంకో ముడి రక్తనాళాలది. గ్వాంగ్‌జౌ కిడ్నీల్లో రక్తనాళాలు పందివే. అమర్చగానే రోగి రోగనిరోధక వ్యవస్థ ముందు దాడి చేసేది వాటి లోపలి పొర మీదే. కాబట్టి అవీ మనిషివి కావాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఈటీవీ2 జన్యువు తీసేసిన పంది పిండాల్లో మనిషి కణాలతో ఆ లోపలి పొరను తయారు చేసి చూపించారు. కానీ ఈటీవీ2 లేని పిండానికి ఒంట్లో ఎక్కడా సొంత రక్తనాళాలు ఏర్పడవు. కిడ్నీ కోసం చేసిన ఏర్పాటు మెదడులోని రక్తనాళాలకూ వర్తిస్తుంది. ఒక్క అవయవంలోనే ఆ జన్యువును ఆపగలిగితే తప్ప, 'మనిషి కణాలు కిడ్నీ వరకే' అని అనుమతి పత్రంలో రాసే హామీ నిలబడదు.