గుండె కండరం వాపుకు స్టెరాయిడ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మయోకార్డైటిస్ అంటే గుండె కండరానికి వాపు. స్టెరాయిడ్లు వాపును తగ్గిస్తాయి. ఇంకా ఆలోచించడం దేనికి?

వాస్తవం: వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1995లో అమెరికాలో వెలువడిన మయోకార్డైటిస్ ట్రీట్‌మెంట్ ట్రయల్ ఫలితాలు వేరే మాట చెప్పాయి. బయాప్సీలో, అంటే గుండె కండరం ముక్క తీసి చేసే పరీక్షలో, జబ్బు రుజువైన 111 మందిలో కొందరికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌తో పాటు, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ లేదా అజాథయోప్రిన్ 24 వారాలు ఇచ్చారు. మిగిలినవారికి మామూలు గుండె వైఫల్యం మందులే. 28వ వారానికి ఈఎఫ్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ జఠరికలోని రక్తంలో ఎంత శాతం బయటికి వెళ్తుందో చెప్పే లెక్క) సగటున 25 శాతం నుంచి 34కు పెరిగింది, కానీ రెండు గుంపుల మధ్య తేడా లేదు. మరణాల్లోనూ లేదు. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఆ తొమ్మిది పాయింట్లనూ స్టెరాయిడ్ల ఖాతాలోనే రాసేవాళ్లం. "ఇంజెక్షన్ పడగానే మా అబ్బాయి లేచి కూర్చున్నాడు డాక్టరు గారూ" అని ఎవరైనా అంటే నేను సంతోషిస్తాను, కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోను. చాలామందిలో ఈ వాపు దానంతటదే తగ్గుతుంది.

అపోహ: అయితే ఆ మందులు దండగ.

వాస్తవం: ఎవరికి ఇచ్చామన్నదే అసలు సంగతి. 2009లో ఇటలీ వైద్యులు ప్రచురించిన టిమిక్ ట్రయల్‌లో కండరంలో వైరస్ లేదని తేలిన, గుండె వైఫల్యం ఆరు నెలలు దాటిన 85 మందినే తీసుకున్నారు. ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్ ఆరు నెలలు వాడినవారిలో 88 శాతం మందికి గుండె పనితీరు మెరుగైంది. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలో ఒక్కరికీ కాలేదు. చిన్న అధ్యయనమే, అయినా తేడా కొట్టొచ్చినట్టు ఉంది. ఇక జెయింట్ సెల్ రకమైతే (కండరంలో పెద్ద పెద్ద కణాలు కనిపించే, వేగంగా ముదిరే మయోకార్డైటిస్) ట్రయల్ కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు, మందులు మొదలుపెట్టాల్సిందే.

అపోహ: బయాప్సీ అంటే గుండె కోయడం.

వాస్తవం: మెడ సిర గుండా సన్నని పరికరాన్ని కుడి జఠరికలోకి పంపి, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు ఐదారు తీస్తాం. వాపు అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది కాబట్టి ఒక్క ముక్క చాలదు. కొన్ని ముక్కలను చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లోకి, కొన్ని వైరస్ జాడను పట్టే పీసీఆర్ పరీక్ష కోసం విడిగా. గుండె గోడకు చిల్లు పడే ప్రమాదం అరుదే కానీ ఉంది, అందుకే అందరికీ చేయం.

మన దేశంలో ఇంకో మెలిక. ముక్కలో గ్రాన్యులోమాలు (వాపు కణాలు గుంపుకట్టిన చిన్న గడ్డలు) కనిపిస్తే, అలాంటి గడ్డలే కట్టే సార్కాయిడోసిస్ అనే జబ్బుగా తేల్చే ముందు క్షయ కోసం వెతకాలి. క్షయ ఉన్నచోట దాని మందులు లేకుండా స్టెరాయిడ్ మాత్రమే ఇస్తే అది చెలరేగుతుంది.

అపోహ: ఆయాసం తగ్గితే మాత్రలు ఆపేయవచ్చు.

వాస్తవం: వద్దు. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పిన లెక్కలోనే.