ఆడిన ఒళ్ళు తాగినా తట్టుకుంటుందా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో జనరల్ మెడిసిన్ డాక్టర్ని. సంక్రాంతి పోటీలు ముగిశాక ఓ రెండు వారాలు నా ఓపీకి ఒకప్పటి కబడ్డీ, వాలీబాల్ ఆటగాళ్ళు వరసకడతారు. వచ్చేది మోకాళ్ళ నొప్పికి. బీపీ చూస్తే 160 దాటి ఉంటుంది. తాగుడు సంగతి ఎత్తితే ఒకటే మాట: "ఆడిన ఒళ్ళు సార్, మాకేం కాదు."

అపోహ: ఆడిన ఒళ్ళు తట్టుకుంటుంది.

ఇందులో కాస్త నిజముంది, అందుకే ఈ అపోహ చావట్లేదు. కండలో నీరెక్కువ, కాబట్టి కండున్నవాడి రక్తంలో ఆల్కహాల్ పలచబడుతుంది. మరి ఆట మానేసి పదిహేనేళ్ళయ్యాక ఆ కండేది? చాలామందికి పొట్టలోకి దిగింది. "క్వార్టరేసినా నాకు ఎక్కదు" అనేది బలం కాదు, మెదడుకు అలవాటైపోయింది, అంతే. లివర్‌కు కిక్కుతో పనిలేదు, గ్రాములతోనే పని. 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. లివర్ గంటకు అరిగించేది 7 నుంచి 10 గ్రాములు. రాత్రి పదింటికి గ్లాసు దించినవాడు తెల్లారి నాలుగింటికి బండి తీస్తే, ఇంకా తాగి నడుపుతున్నట్టే కావచ్చు. గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు కొడితే చెమటలో పోదా అంటారు. పోయేది పిసరంత.

అపోహ: బీరు మందు కిందికి రాదు.

8 శాతం స్ట్రాంగ్ బీరు, 650 మి.లీ. సీసా ఒకటి తాగితే రెండు పెద్ద పెగ్గులు వేసినట్టే.

అపోహ: రెండు పెగ్గులేస్తే మోకాలి నొప్పి తెలియదు.

తెలియదు, తెల్లారేదాకా. ఒకప్పటి కబడ్డీ రైడర్ ఒకాయన చొక్కా జేబులోంచి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల స్ట్రిప్పు తీశాడు. పదిలో రెండే మిగిలాయి. ఆ మాత్రా, మందూ కలిస్తే కడుపులో పుండుపడి రక్తం కారొచ్చు. విరేచనం తారులా నల్లగా వస్తే ఆ పూటే ఆసుపత్రికి రండి.

అపోహ: మొండోళ్ళం, రేపట్నించి టక్కున ఆపేస్తాం.

నాకు భయమేసేది ఈ మాటకే. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి చెదరొచ్చు. ఆ రైడరే మోకాలి ఆపరేషన్ కోసమని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మానేశాడు. మూడో రాత్రి చీమలు పాకుతున్నాయని దుప్పటి దులుపుతూనే ఉన్నాడు. దాని మీద ఒక్క చీమ లేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాకే నా దగ్గరికి తెచ్చారు. చేర్చుకుని, బి1 విటమిన్ ఇంజెక్షన్, వణుకు తగ్గే మాత్రలు ఇస్తే నాలుగో రోజుకు మనిషి మనిషయ్యాడు. మానొద్దని కాదు, డాక్టర్ చేతి కింద మానమంటున్నా.

ఇంకోటి. ఎంత తాగుతారని ఆయన్నడిగితే "ఎప్పుడన్నా సార్" అన్నాడు. భార్య వెనకనుంచి వేళ్ళతో రెండు క్వార్టర్లని చూపించింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన జిల్లా ఇది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. లెక్క ఎవరి దగ్గరుంటుందో మాకు ఒకరు చెప్పాలా? అందుకే ఆటగాడొస్తే ఇంటావిణ్ని కూడా కూర్చోబెడతా. రావడానికి మొహమాటపడేవాళ్ళు ముందు మత్తు మానాలనుకునేవాళ్ళ జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.