మూడో రామెసెస్ మెడ మీది కట్టు

క్రీ.పూ. 1155 ప్రాంతంలో ఒకరోజు, నైలు నది పడమటి గట్టున రాజుల సమాధులు చెక్కే పనివాళ్ళ ఊరికి ఒక కబురు వచ్చింది. డేగ ఆకాశానికి ఎగిరిపోయింది, దాని స్థానంలో నాలుగో రామెసెస్ సింహాసనం మీద కూర్చున్నాడు. రాజు పోయాడన్న మాట, కొత్త రాజు వచ్చాడన్న మాట ఒకే ఊపిరిలో చెప్పేశారు. మూడో రామెసెస్ ఎలా పోయాడన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి బయటపడటానికి మూడు వేల ఏళ్ళకు పైగా పట్టింది.

డేగ అంటే హోరస్ దేవుడు. ఈజిప్టువాళ్ళ నమ్మకంలో బతికున్న ఫరో హోరస్, చనిపోయిన ఫరో పరలోక దేవుడైన ఒసిరిస్. హోరస్ తన తండ్రి ఒసిరిస్‌కు కర్మకాండ జరిపి రాజ్యానికి వారసుడయ్యాడు. అందుకే పాత రాజుకు అంత్యక్రియలు ఎవరు చేస్తే వాళ్ళే సరైన వారసులన్న భావం ఆ దేశంలో బలంగా ఉండేది. మామూలుగా పట్టపురాణి కొడుకుల్లో పెద్దవాడికే రాజ్యం. కానీ ఫరోలకు భార్యలు చాలామంది, పిల్లలు ఇంకా ఎక్కువ, పసితనంలోనే పోయేవాళ్ళకూ లెక్కలేదు. ఎవరి కొడుకైనా ఏదో ఒకరోజు ముందు వరుసలోకి రావచ్చన్న ఆశ అంతఃపురంలో ఎప్పుడూ ఉండేది.

మూడో రామెసెస్ అల్లాటప్పా రాజు కాదు. 20వ రాజవంశంలో రెండోవాడు, 31 ఏళ్ళకు పైగా పాలించాడు. పాలన 8వ ఏట సముద్రం మీదుగా దండెత్తివచ్చిన జాతులను నైలు ముఖద్వారాల దగ్గర తిప్పికొట్టాడు. ఆ యుద్ధాన్ని ఇప్పటి లక్సర్ దగ్గర మెడినెట్ హాబు గుడి గోడల మీద చెక్కించాడు. కానీ చివరి ఏళ్ళు బాగా సాగలేదు. 29వ ఏట, సమాధులు చెక్కే పనివాళ్ళకు జీతంగా ఇచ్చే ధాన్యం అందక వాళ్ళు పని ఆపేసి గుళ్ళ దగ్గరికి వెళ్ళి బైఠాయించారు. ఆకలి, దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్టల్లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు అని వాళ్ళన్న మాటలు పపైరస్ (ఒక రకం నీటి మొక్కతో చేసిన కాగితం) మీద ఇంకా ఉన్నాయి. చరిత్రలో నమోదైన మొదటి సమ్మె ఇదేనంటారు.

ఇల్లూ అంతే సతమతంగా ఉంది. పెద్ద కొడుకులు కొందరు తండ్రి ఉండగానే చనిపోయారు, వాళ్ళ సమాధులు రాణుల లోయలో ఉన్నాయి. మెడినెట్ హాబు గోడల మీద రాజు పక్కన రాణి బొమ్మ ఉంటుంది, ఆమె పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. పట్టపురాణి ఎవరో రాతి మీద తేల్చి చెప్పకుండా వదిలేశారంటే, వారసత్వం దగ్గర ఎక్కడో చిక్కు ఉందనే నాకు అనిపిస్తుంది. చివరికి రామెసెస్ అన్న పేరే ఉన్న ఒక కొడుకు యువరాజయ్యాడు. తియే అనే మరో భార్య ఇందుకు ఒప్పుకోలేదు. తన కొడుకు పెంటవేర్ రాజు కావాలనుకుంది.

కుట్ర ఎలా నడిచిందో మనకు ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉన్న విచారణ పపైరస్ చెబుతుంది. రాజు అంతరంగిక గదులు చూసే పెబెక్కమెన్ అనే అధికారి తియే మాటలను బయటివాళ్ళకు చేరవేశాడు. రాజుకు పానీయాలు అందించేవాళ్ళు, అంతఃపురం లెక్కలు రాసేవాళ్ళు చేతులు కలిపారు. అంతఃపుర ద్వారం కాచేవాళ్ళ భార్యలు ఆరుగురు కూడా నేరస్థుల జాబితాలో ఉన్నారు. దక్షిణాన కుష్ దేశంలో విలుకాండ్ర దళానికి నాయకుడిగా ఉన్న ఒకడికి, అంతఃపురంలో ఉన్న అతని చెల్లెలు ఉత్తరం రాసింది: జనాన్ని రెచ్చగొట్టు, తిరుగుబాటు లేవదియ్యి అని. లోపల రాజును తప్పించి అదే సమయంలో బయట అలజడి రేపాలన్నది ప్లాన్. మంత్రతంత్రాలూ నడిచాయి. రాజు గ్రంథాలయం నుంచే ఒక మంత్రాల చుట్ట సంపాదించి, కాపలావాళ్ళను కట్టడి చేయడానికి మైనపు బొమ్మలు చేశారని ఇంకో పపైరస్‌లో ఉంది. మనకు ఇది మూఢనమ్మకంలా కనిపించినా, ఆ కాలంలో అది కత్తితో సమానమైన ఆయుధమే.

విచారణకు 12 మంది అధికారులను వేశారు. ఇక్కడ కంచే చేను మేసింది. నిందితులైన ఆడవాళ్ళతో కూర్చుని విందులు చేసుకుంటూ కొందరు న్యాయాధికారులు దొరికిపోయారు. వాళ్ళకు ముక్కు, చెవులు కోసే శిక్ష పడింది. అందులో ఒకడు శిక్ష తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. నేరస్థుల పేర్లనూ వదల్లేదు. ఒకడి పేరును సూర్యదేవుడు ‘రా’ అసహ్యించుకునేవాడు అన్న అర్థం వచ్చేలా మార్చి రాశారు. పేరు నిలిస్తేనే మనిషికి పరలోకంలో బతుకు ఉంటుందని నమ్మేవాళ్ళకు అది ఉరి కన్నా పెద్ద శిక్ష. పెంటవేర్ అన్నది కూడా అసలు పేరు కాదు. ఇంతకుముందు వేరే పేరుతో పిలిచేవారని పపైరస్సే చెబుతుంది. అతను దోషి అని తేలింది, ఉన్నచోటే వదిలేశారు, తన ప్రాణం తానే తీసుకున్నాడు. రాజకుమారుడు కాబట్టి తలారి చేతికి అప్పగించలేదన్నమాట.

ఇంత వివరంగా రాసినవాళ్ళు, రాజు మీద దాడి జరిగిందా, జరిగితే ఏమయ్యాడు అన్నది ఎక్కడా రాయలేదు. పైగా పపైరస్ మొదట్లో మూడో రామెసెస్సే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అన్యాయంగా ఎవరికీ శిక్ష పడకూడదని హెచ్చరిస్తాడు, తాను ఒసిరిస్ ముందున్న ధర్మరాజుల్లో ఒకడినంటాడు. బతికున్నవాడు అనే మాట కాదది. అందుకే పండితులు రకరకాలుగా ఊహించారు. కుట్ర విఫలమైందని కొందరు, గాయంతో కొన్నాళ్ళు బతికి పోయాడని కొందరు, పాము కాటని ఇంకొందరు. ఈ మౌనానికి ఆ నాగరికతలోనే కారణం ఉందని నా నమ్మకం. రాసిన మాట, చెక్కిన బొమ్మ నిజంగా పనిచేస్తాయని వాళ్ళు నమ్మారు. దేవుడి అంశ అయిన ఫరోను చంపారని రాస్తే ఆ హత్య శాశ్వతమైపోతుంది. గద్దెనెక్కిన కొడుక్కీ ఇబ్బందే. అందరూ కలిసి ఆ ముక్క మింగేశారు.

మమ్మీ మాత్రం దాచలేకపోయింది. దొంగల భయంతో పూజారులు తర్వాతి కాలంలో రాజుల శవాలను దెయిర్ ఎల్-బహ్రీ కొండలో ఒక రహస్య గోతిలో దాచారు. 1881లో అవి అధికారులకు దొరికాయి. 1886లో మాస్పెరో అనే ఫ్రెంచ్ పరిశోధకుడు మూడో రామెసెస్ కట్లు విప్పించాడు. కానీ మెడ చుట్టూ ఉన్న మందపాటి కట్టు అలాగే ఉండిపోయింది. తర్వాత ఎక్స్-రేలు తీసినా ఉపయోగం లేకపోయింది, ఎందుకంటే ఎక్స్-రేలో ఎముక కనిపిస్తుంది కానీ తెగిన కండ సరిగా తెలియదు. సీటీ స్కాన్ అలా కాదు. శరీరాన్ని పలచని పొరలుగా ఫొటో తీసి, వాటిని పేర్చి కట్టు విప్పకుండానే లోపలిది చూపిస్తుంది.

జాహి హవాస్, ఆల్బర్ట్ జింక్ అనే పరిశోధకుల బృందం చేసిన స్కాన్ ఫలితాలు 2012 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మెడ ముందు భాగంలో, స్వరపేటిక కింద, సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పున కోత ఉంది. ఎముక దాకా దిగింది. శ్వాసనాళం, అన్నవాహిక, పెద్ద రక్తనాళాలు అన్నీ తెగిపోయాయి. అంత కోత పడినవాడు కొన్నాళ్ళు కాదు, కొన్ని నిమిషాలు కూడా బతకడం కష్టం. శవాన్ని సిద్ధం చేసేటప్పుడు పడిన కోతేమో అనుకోవడానికీ వీల్లేదు, మెడ కోయడం ఆ పద్ధతిలో లేనే లేదు. ఆ గాయం లోపల ఒక చిన్న తాయెత్తు దొరికింది, హోరస్ కన్ను. దెబ్బతిన్న అంగాన్ని మళ్ళీ పూర్తిచేసే శక్తి దానికుందని నమ్మేవారు. అంటే శవాన్ని చుట్టినవాళ్ళకు అంతా తెలుసు. ఊరికి చెప్పకూడదన్న నిజానికి వాళ్ళు పరలోకంలో వైద్యం చేశారు.

తర్వాతి పరిశీలనలో ఇంకో సంగతి తేలింది. కాలి బొటనవేలు ఒకటి నరికేశారు, ఎముక మానిన గుర్తు లేదు, కాబట్టి అదీ చావు సమయంలోనే. దాని చోట కృత్రిమ వేలు పెట్టి కట్లు కట్టారు. గొంతు ఒక చోట, కాలి వేలు ఇంకో చోట, ఆయుధాలూ వేరువేరు అనిపిస్తున్నాయి. దాడి చేసింది ఒక్కడు కాదన్న వాదన ఇక్కడి నుంచే వచ్చింది.

అదే గోతిలో పేరు లేని మరో మమ్మీ ఉంది. పరిశోధకులు దాన్ని గుర్తుతెలియని పురుషుడు ‘ఇ’ అంటారు. 18-20 ఏళ్ళ కుర్రాడు. నోరు తెరిచి ఉంటుంది. లోపలి అవయవాలు తీయలేదు, నార బట్టకు బదులు అపవిత్రంగా భావించే మేకతోలులో చుట్టారు. మెడ దగ్గర చర్మం ముడతలు, ఉబ్బిన ఛాతీ చూసి ఊపిరాడక పోయి ఉండొచ్చన్నారు. డీఎన్ఏ చూస్తే, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్ రామెసెస్‌ది, ఇతనిదీ ఒకటే. మిగతా డీఎన్ఏ గుర్తులు కూడా తండ్రీకొడుకులకు సరిపోయేలా కలిశాయి.

అతనే పెంటవేర్ అనడానికి అవకాశం గట్టిగానే ఉంది. కానీ డీఎన్ఏ తండ్రి ఎవరో చెప్పగలదు, కొడుకుల్లో ఏ కొడుకో చెప్పలేదు. రామెసెస్‌కు కొడుకులు చాలామంది. అతను తియే కొడుకే అని తేలాలంటే తల్లి వైపు నుంచి వచ్చిన సగాన్ని ఆమె శవంతో పోల్చాలి. మనకు మిగిలిన పపైరస్‌లలో తియేకు పడిన శిక్ష ఏమిటో లేదు. ఆమెది అని గుర్తించిన మమ్మీ ఇంతవరకూ ఒక్కటీ లేదు.